పెద్దవాళ్లు, పిల్లలతో గ్రీస్‌లో జనం రద్దీ లేని దీవి: మేం సిఫ్‌నోస్ వెళ్లాం

మీ ప్రశ్న చదువుతుంటే పోయినేడు మా ఇంట్లో జరిగిన చర్చే గుర్తొచ్చిందండి. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు. శాంటోరినీ, మికొనోస్ లాంటి తిరునాళ్ల జనం వద్దు. పెద్దవాళ్లు మాంసం ముట్టరు. 2026 దసరా సెలవుల్లో వారం రోజులు కదలకుండా ఒకచోట కూర్చోవాలి. ఇదే కదా మీరడిగింది? మేము 2025 దసరా సెలవుల్లో మా అత్తయ్య, మామయ్య, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబుతో సిఫ్‌నోస్ దీవికి వెళ్లొచ్చాం. మాకు తెలిసింది రాస్తున్నాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

అన్నిటికంటే ముందు మీ తేదీలు మార్చుకోండి. పోయినేడు దసరా అక్టోబర్ 2న వచ్చింది కాబట్టి మాకు సెప్టెంబర్ చివరి వారం దొరికింది. వేసవంతా కాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగానే ఉంది, జనం వెళ్లిపోయారు, హోటళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వల్ల పండుగలన్నీ ఆలస్యం, విజయదశమి అక్టోబర్ 20న పడుతోంది. అప్పటికి చిన్న దీవుల్లో చాలామంది షట్టర్లు దించేస్తారు, ఓడలు కూడా తగ్గిపోతాయి. మీరు కోరుకునే ప్రశాంతత దొరుకుతుంది గానీ అన్నం దొరక్కపోవచ్చు. మీకు మే చివర, జూన్ మొదట్లో బాగుంటుంది, పిల్లల బడి కూడా జూన్ రెండో వారం దాకా ఉండదు. నీళ్లు కాస్త చల్లగా ఉంటాయి, పిల్లలకు అదేం పట్టదులెండి. ఒక్క మెలిక ఉంది. వాళ్ల ఈస్టర్ ఈసారి ఏప్రిల్ 12న, దాన్ని బట్టి వచ్చే పెంతెకొస్తు సెలవు జూన్ 1, సోమవారం. ఆ శనాదివారాలకు ఏథెన్స్ జనంలో సగం మంది దీవుల్లోనే ఉంటారు. దానికి రెండు రోజుల తర్వాత దిగేలా చూసుకోండి. జులై, ఆగస్టు మాత్రం వద్దు. ఎండ ఒకటి, ధరలు ఒకటి, వాటికి తోడు ఉత్తరం నుంచి రోజుల తరబడి వీచే మెల్తెమి గాలి.

ఇక దీవి సంగతి. సిఫ్‌నోస్‌కి విమానాశ్రయం లేదు. అందుకే అక్కడ జనం తక్కువ, అందుకే వెళ్లడం కాస్త శ్రమ. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి స్పీడ్ బోట్‌లో మూడు గంటల లోపే, పెద్ద ఓడలో ఐదు గంటల పైచిలుకు. వెళ్లేటప్పుడు మేం స్పీడ్ బోట్ ఎక్కి తప్పు చేశాం. అది మూసేసిన ఏసీ బస్సులా ఉంటుంది, ఊపు మొదలైతే పోవడానికి చోటుండదు. మామయ్య కవర్ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు పాపం. పెద్ద ఓడ టికెట్ తక్కువ, పైన ఆరుబయట కూర్చోవచ్చు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు. పెద్దవాళ్లతో అదే మేలు.

ఓడ దిగడం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. రేవు వస్తోందని మైకులో చెప్పగానే అందర్నీ కిందికి, లారీలూ కార్లూ నిలబెట్టిన అంతస్తులోకి దింపేస్తారు. చీకటి, డీజిల్ వాసన, ఇంజిన్ల హోరు. సూట్‌కేసులు అక్కడే అరల్లో ఉంటాయి, ఏ దీవికి పోయే సామాను ఏ అరలో పెట్టాలో రాసి ఉంటుంది, ఎక్కేటప్పుడే చూసి పెట్టుకోవాలి. ఓడ ఇంకా ఆగుతుండగానే వెనక తలుపు గొలుసులతో కిందికి వాలుతుంది, ఒక్కసారిగా వెలుగు, ఎదురుగా కొండ. ఆ క్షణం బాబు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు, వెనక నుంచి లారీ హారన్. ఐదు పది నిమిషాల్లో దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, ఓడ వెళ్లిపోతుంది. అందుకే ఎవరు ఏ పెట్టె, ఎవరు ఏ పిల్లాడు అన్నది పైనున్నప్పుడే పంచుకోండి.

రెండో తప్పు బస. ఫొటోలో బాల్కనీ చూసి మోజుపడి, అపొల్లోనియా పైన ఒక ఇల్లు తీసుకున్నాం. అపొల్లోనియా ఈ దీవికి ముఖ్యమైన ఊరు, సున్నం వేసిన ఇళ్లతో ముచ్చటగా ఉంటుంది. కానీ లోపలి సందుల్లోకి బండి రాదు, ట్యాక్సీ ఊరి అంచున దింపేసి పోతుంది. అక్కడి నుంచి మెట్లే మెట్లు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మొదటి రోజు పైకి ఎక్కి, “ఇంక నన్ను కిందికి దింపకండి, వెళ్లే రోజు చెప్పండి” అని కూర్చున్నారు. మూడో రోజుకి కొంత డబ్బు పోగొట్టుకుని కమారెస్‌కి మారాం. అది ఓడ ఆగే ఊరే. రేవు పక్కనే ఇసుక తీరం, లోతు తక్కువ, పిల్లలు చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. పడమటి వైపు కాబట్టి పొద్దు సముద్రంలో గుంకుతుంది. అత్తయ్య గది గుమ్మంలో కుర్చీ వేసుకుని మనవలు ఆడుకోవడం చూస్తూ జపం చేసుకునేవారు. మీ అమ్మానాన్నలకు మెట్లు కష్టమైతే కమారెస్ గానీ, దక్షిణాన ప్లాటిస్ యాలోస్ గానీ చూడండి. రెండూ చదునుగా ఉంటాయి. కొండ మీది ఊళ్లకు సాయంత్రం చల్లబడ్డాక బస్సులో వెళ్లి రావచ్చు.

బస్సులు నిజంగానే బాగున్నాయి, మేం కారు తీసుకోలేదు. అపొల్లోనియా కూడలిలో అన్ని దారులూ కలుస్తాయి, అక్కడ మారితే చాలు. మీరు కారు నడపాలనుకుంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ చేయించుకుని వెళ్లండి. రోడ్డుకి కుడివైపు నడపాలి, కొండ మలుపులు, సిటీలో నడిపే ధైర్యం ఒక్కటే చాలదు.

ఇప్పుడు మీకు అసలు టెన్షన్ పెడుతున్న విషయం, తిండి. నన్నడిగితే శాకాహారులు గ్రీస్‌లో ముందు చూడాల్సిన దీవి ఇదే. ఇక్కడి ఆదివారపు వంట శనగలు! రెవిథాద అంటారు. మనం కాబూలీ శనగలంటామే, అవి నానబెట్టి, మూత ఉన్న మట్టి కుండలో ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, మన బిర్యానీ ఆకు లాంటి బే ఆకులు ఒకటి రెండు వేసి, శనివారం సాయంత్రం కట్టెల పొయ్యిలో పెడతారు. రాత్రంతా ఆ సెగ మీదే మగ్గి, ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి తయారు. దీవి మట్టి మంచిది, కుమ్మరి పని ఇప్పటికీ ఉంది, ఆ కుండలూ అక్కడివే. చాలా చోట్ల ఆదివారం మాత్రమే దొరుకుతుంది, మధ్యాహ్నం దాటితే అయిపోతుంది కూడా. మేం వెళ్లిన హోటల్లో కుండ మూత తీయగానే లేత గోధుమరంగు పులుసు, పైన నూనె తేలుతోంది. శనగ వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. నిమ్మకాయ పిండుకుని తినాలి. అత్తయ్య మొదటి ముద్ద తిని, “తాలింపు వేసుంటే ఎంత బాగుండేది” అన్నారు. రెండోసారి మాత్రం అడిగి వేయించుకున్నారు. ఆ తర్వాత బ్యాగులోంచి కారప్పొడి సీసా తీశారనుకోండి, అది వేరే సంగతి.

శనగలతోనే గారెల్లాంటివి చేస్తారు, రెవిథోకెఫ్తేదెస్, పిల్లలు రోజూ అవే అడిగారు. ఫావా అంటే మన ముద్దపప్పే, నెయ్యి బదులు ఆలివ్ నూనె. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. టమాటాల్లో అన్నం కూరి కాల్చే గెమిస్తా ఉంటుంది, కానీ అందులో కొందరు కీమా కలుపుతారు, అడిగి తినాలి. రెండు మాటలు నేర్చుకోండి. “లాదెరా” అంటే నూనెలో మగ్గించిన కూరగాయల వంటలు. “హోరిస్ క్రెయాస్” అంటే మాంసం లేకుండా. “నిస్తీసిమో” అంటే ఉపవాసపు వంట అని చెప్తారు, అది వినగానే పొంగిపోకండి. వాళ్ల ఉపవాసంలో పాలు, గుడ్లు, మాంసం నిషిద్ధం గానీ ఆక్టోపస్, రొయ్యలు తినొచ్చు! ఇంకొకటి. వాళ్లు “నే” అంటే అవును అని. మన హైదరాబాదీ చెవికి అది “నై”లా వినిపిస్తుంది. మావారు ఒక దుకాణంలో “పెరుగుందా” అని అడిగి, ఆవిడ “నే, నే” అంటుంటే సరేనని బయటికి వచ్చేశారు.

చూడటానికి ఏముంది అంటే, పెద్దగా లేదు, దాని కోసమే కదా వెళ్లేది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద క్రిసోపిగీ మఠం తప్పక చూడండి. చిన్న వంతెన దాటి వెళ్లాలి. దొంగలు తరిమితే ఆడవాళ్లు మేరీమాతను మొక్కుకున్నారనీ, ఆవిడ బండను చీల్చి కాపాడిందనీ కథ. పాపకు అది తెగ నచ్చింది. మీరు మే మూడో వారంలోనే వెళ్లగలిగితే ఇంకా మంచిది, ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజున, ఈసారి మే 21న, ఆ మఠం పండుగ. సందడంతా ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. ఆ దీవిలో ఉత్సవమంటే మన ఊరి జాతరే అనుకోండి, ఆ ఏడు మేరీమాత పటాన్ని ఇంట్లో ఉంచుకున్న కుటుంబం వచ్చినవాళ్లందరికీ భోజనం పెడుతుంది. మేం వెళ్లినప్పుడు ఇక్కడ బతుకమ్మ, “పండుగపూట ఊరిడిచి వచ్చాం” అని అత్తయ్య సణుగుతూనే ఉన్నారు. ఈ అన్నదానం సంగతి చెబితే కాస్త మెత్తబడ్డారు.

ఇంత చిన్న దీవి ఒకప్పుడు బంగారం, వెండి గనులతో బాగా బతికింది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో వీళ్లు ప్రాచీన గ్రీకుల పుణ్యక్షేత్రం డెల్ఫీలో, కానుకలు దాచడానికి పాలరాతి ఖజానా కట్టించారు, దాని శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తర్వాత దేవుడికి ఇచ్చే పదో వంతు ఎగ్గొట్టారనీ, గనుల్లోకి సముద్రం వచ్చేసిందనీ ప్రాచీన యాత్రికుడు పౌసానియస్ రాశాడు. మామయ్యకు ఇది చెబితే, “ముడుపు ఎగ్గొడితే అంతే” అన్నారు.

మధ్యాహ్నం రెండు మూడు నుంచి ఐదు దాకా ఊరు పడుకుంటుంది. పిల్లలకు ఆ టైంలో ఏం పెట్టాలో ముందే కొని ఉంచుకోండి. రాత్రి భోజనం ఎనిమిది దాటాకే, ఏడింటికే తినే మామయ్య లాంటివాళ్లకు అది పెద్ద పరీక్ష. మేం వంటగది ఉన్న గది తీసుకుని, చిన్న కుక్కర్, రెండు కిలోల బియ్యం పట్టుకెళ్లాం, రాత్రిళ్లు పెరుగన్నంతో గడిచిపోయింది. అక్కడి గట్టి పెరుగు ముందు మన పెరుగు నీళ్లే. బాత్రూంలో కాగితం కమోడ్‌లో వెయ్యొద్దంటారు, పక్కన చిన్న బుట్ట పెడతారు. జెట్ స్ప్రే ఉంటుందని ఆశపడకుండా ఒక మగ్గు సర్దుకోండి. నవ్వకండి, మా సామానులో అన్నిటికంటే పనికొచ్చింది అదే.

ఆరోగ్యం విషయం. దీవిలో ఆరోగ్య కేంద్రం, మందుల షాపులు ఉన్నాయి, పెద్ద ఆసుపత్రి లేదు. దగ్గర్లో ఆసుపత్రి అంటే సిరోస్ దీవిలోనే. నాన్నగారికి బీపీ, షుగర్ ఉంటే మందులు రెండింతలు తీసుకెళ్లండి, సగం చేతిసంచిలో ఉండాలి. అత్యవసరానికి నంబర్ 112.

మాకు తగిలిన పెద్ద దెబ్బ తిరుగు ప్రయాణంలో. రేపు పొద్దున స్పీడ్ బోట్, సాయంత్రం ఏథెన్స్‌లో కొండ మీది ప్రాచీన గుళ్లున్న అక్రోపొలిస్, ఎల్లుండి విమానం అని వేసుకున్నాం. ముందురోజు రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, గాలి వల్ల బోటు రద్దు. బయటికి వెళ్లి చూస్తే కెరటాలు రోడ్డు మీదికి చిమ్ముతున్నాయి. గాలి పెరిగితే రేవు అధికారులే ఓడలు ఆపేస్తారు, చిన్న బోట్లను ముందు, పెద్ద ఓడలను తర్వాత. అదృష్టం కొద్దీ మర్నాడు సాయంత్రానికి పెద్ద ఓడ కదిలింది. అర్ధరాత్రి పిరేయస్‌లో దిగి, నేరుగా విమానాశ్రయానికి పరుగు. అక్రోపొలిస్ టికెట్ పెద్దవాళ్లకు మనిషికి 30 యూరోలు, టైం రాసి ఇస్తారు, అవి గాలికే పోయాయి. చివరి రాత్రి కాదండి, చివరి రెండు రాత్రులు ఏథెన్స్‌లో పెట్టుకోండి. ఏథెన్స్ చూడాల్సినవన్నీ చివర్లోనే చూడండి. రెండో దీవి ఆలోచన ఉంటే మానేయండి, వారానికి ఒకటే ఎక్కువ.

వీసా గురించి క్లుప్తంగా: గ్రీస్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెన్‌గెన్ వీసా తీసుకోవాలి, ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండు లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు, సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. మీరు ఇవాళే మొదలుపెట్టినా తొందర కాదు.

సిఫ్‌నోస్‌లో గదులు దొరక్కపోతే నక్సోస్ చూడండి, పెద్దది, చిన్న విమానాశ్రయం ఉంది, ఇసుక తీరాలు పొడుగ్గా ఉంటాయి. మీ అమ్మగారికి భక్తి ఎక్కువైతే తీనోస్. అక్కడ మేరీమాత గుడికి రేవు నుంచి మోకాళ్ల మీద పాకుతూ వెళ్తారు, మన పొర్లుదండాల లాగే, వాళ్ల కోసం రోడ్డు అంచున తివాచీ కూడా పరిచి ఉంటుంది. గాలి మాత్రం అక్కడ ఇంకా జోరు.

నాన్నగారు ఎన్ని మెట్లు ఎక్కగలరో, మీరు వంట చేసుకుంటారో లేదో రాయండి. కమారెస్‌లో రేవు వైపు తీసుకోవాలా, తీరం అవతలి చివర తీసుకోవాలా అన్నది దాన్ని బట్టి చెప్తాను. రేవు వైపైతే రాత్రి ఓడ వచ్చినప్పుడు పిల్లలు లేస్తారు.