కోర్సు సంగతి తర్వాత, ముందు మీ జీతం లెక్క మీరు చూసుకోండి

మార్కెటింగ్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, మా హెడ్ పోస్టు ఖాళీ అవుతోంది, దానికి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ చెయ్యాలా, డేటా ఎనలిటిక్స్ నేర్చుకోవాలా, నలుగురిలో మాట్లాడే ట్రైనింగ్ తీసుకోవాలా అని అడిగారు. ఇప్పుడైతే ఏదీ అక్కర్లేదు. నన్ను కదిలించింది మీ ప్రశ్న కాదు, ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసి వదిలేసిన ఆ నాలుగు లైన్లు.

బడ్జెట్ మీటింగ్‌లో ఫైనాన్స్ హెడ్ "ఇందులో పావు వంతు కోసేస్తే అమ్మకాలు ఎంత పడతాయి?" అని అడిగితే, "చూసి చెప్తానండీ" అని బయటికొచ్చి కారిడార్‌లోంచే మీవారికి ఫోన్ చేశారు. "నీకు నంబర్లు ఎక్కవు కదా, రాత్రికి నేను చేసిపెడతాలే" అన్నారాయన. చేసిపెట్టారు కూడా. దాన్ని మీరు ఆయన మంచితనం కింద రాశారు. పెళ్లయినప్పటి నుంచీ మీ జీతం అకౌంట్ ఆయనే చూస్తున్నారని, ఓటీపీలు కూడా ఆయన ఫోన్‌కే వెళ్తాయని, ఇంటి లోన్ ఇంకా ఎంత ఉందో మీకు తెలియదని కూడా అదే చేత్తో రాశారు. ఈ రెండూ వేరువేరు సంగతులని మీరు అనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు.

ఆ ప్రశ్నకి జవాబు మీరు అక్కడే చెప్పగలిగి ఉండాల్సింది. వెంటనే అమ్మకాలు తెచ్చే ఆఫర్లు, యాడ్‌ల ఖర్చు కోస్తే దెబ్బ ఈ నెలే కనిపిస్తుంది, బ్రాండ్ పేరు జనం మనసులో నిలబెట్టే ఖర్చు కోస్తే వెంటనే ఏమీ తేడా రాదు, మెల్లగా ఎప్పటికో అమ్మకాలు జారతాయి, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. అందుకే ఫైనాన్స్ వాళ్ల కత్తెర ముందు ఆ రెండో దాని మీదే పడుతుంది. హెడ్ అన్న మనిషి దానికి అడ్డం నిలబడాలి, నంబర్‌తో నిలబడాలి. ఒక కస్టమర్‌ని తేవడానికి 100 ఖర్చయి, ఆ కస్టమర్ వల్ల ఏడాదికి 25 మిగిలితే, నాలుగేళ్లు నిలిస్తే గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. ఈ లెక్కకి ఎంబీఏ ఎందుకమ్మా?

1931లో నీల్ మెకెల్రాయ్ అనే ఆయన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే అమెరికా సబ్బుల కంపెనీలో మూడు పేజీల మెమో రాశారు, బ్రాండ్ మేనేజర్ అనే ఉద్యోగానికి అదే మొదలు అంటారు. అందులో బ్రాండ్ చూసే మనిషికి చెప్పిన మొదటి పనుల్లో ఒకటి, సరుకు ఎంత పోతోందో లెక్క చూసుకోవడం. తర్వాత ఆయన ఆ కంపెనీకే ప్రెసిడెంట్ అయ్యారు. యాడ్ బాగా తీయించడం, టీమ్‌ని నిలుపుకోవడం, సేల్స్ వాళ్లతో పేచీ లేకుండా నెగ్గుకురావడం మీకు వచ్చు, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. రానిదల్లా లెక్క నాది అనుకోవడం. ఇంట్లో ఏళ్ల తరబడి "నీకెందుకు, నేను చూస్తాగా" అనిపించుకున్న మనిషి మీటింగ్‌లో కోట్ల బడ్జెట్ ముందు హఠాత్తుగా నోరు విప్పలేదు.

మీవారు చెడ్డవారని అనడం లేదు. భర్తని గౌరవించడం వేరు, మన బుర్రని ఆయన దగ్గర తాకట్టు పెట్టడం వేరు, అంతే. ఇంకోటి, కంపెనీ బడ్జెట్ షీట్ ఆయన లాప్‌టాప్‌కి పంపడం ఉద్యోగానికే ముప్పు. ఎంత సొంత మనిషైనా అవి బయటి వాళ్లకి చూపించే కాగితాలు కావు. ఈ రోజుతో ఆపేయండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చోండి. గొడవగా కాదు, "నా అకౌంట్ ఇక నేను చూసుకుంటానండీ, లోన్ కాగితాలు కూడా ఒకసారి చూపించండి" అని మామూలుగా అడగండి. ఆయన నవ్వేస్తే నవ్వనివ్వండి, అత్తగారు మధ్యలో ఏదైనా అంటే విని ఊరుకోండి, పాస్‌వర్డ్ మాత్రం మార్చుకుని, ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చేలా చేసుకునే లేవండి. వచ్చే బడ్జెట్ మొదటి గీత నుంచి చివరి దాకా మీరే వెయ్యండి. తప్పులొస్తే ఆఫీసులో ఫైనాన్స్ వాళ్లనే అడిగి దిద్దుకోండి, ఆ చనువు రేపు హెడ్ అయ్యాక కూడా పనికొస్తుంది. అప్పటికీ ఏదైనా కోర్సు కావాలనిపిస్తే మళ్లీ రాయండి, చూద్దాం.