పాతకాలపు గదిలో కొత్త ప్లగ్గు

ప్ర: రెండో ప్రపంచ యుద్ధకాలం మీద తీసిన బ్రిటిష్ సీరియళ్లు చూస్తుంటాను. గదిలోని కరెంటు సామాను ఆ కాలానిదో కాదో తెలియాలంటే ముందు ఏం చూడాలి? (ఒక పాఠకురాలు, కావలి)

జ: రేడియో, ఫోను, బల్లమీది దీపం వదిలేయండి. ఆర్ట్ డైరెక్టర్ ఏరికోరి తెచ్చిపెట్టేది వాటినే. గోడ అడుగున చూడండి. చదరపు పిన్నుల ప్లగ్గు కనిపించిందా, దొరికిపోయినట్టే. బ్రిటన్‌లో దాని ప్రమాణం వచ్చింది 1947లో. అంతకుముందు 2, 5, 15 ఆంపియర్ల గుండ్రటి పిన్నులే. మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు ఆ వంశానిదే కాబట్టి ఈ తప్పు లండన్ వాళ్లకన్నా మీకే ముందు కనపడాలి. సాకెట్లు తక్కువున్న ఇళ్లలో ఇస్త్రీపెట్టెను బల్బు హోల్డరుకే తగిలించేవారు. ఆ ముక్క చూపించిన సీరియల్ మీద మాకు గౌరవం.

తర్వాత వైరు. అప్పటిది రబ్బరు మీద నూలు అల్లిక ఉన్న మెలిక వైరు. నున్నటి తెల్ల పీవీసీ వైరు ఇళ్లలో మామూలైంది యుద్ధం తర్వాతే. ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్న ఎర్త్ వైరైతే 1960ల చివర్లో వచ్చింది. ఫోను రిసీవరుకు స్ప్రింగులా చుట్టుకున్న తీగ ఉన్నా అనుమానించాల్సిందే.

ప్ర: 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ వార్తను మా ప్రాంతపు పల్లెలో రేడియోలో వింటున్నట్టు లఘుచిత్రం తీస్తున్నాం. ఏ రేడియో పెట్టాలి? (విద్యార్థులు, ఒంగోలు)

జ: పల్లె అంటున్నారు గనక కరెంటు జోలికి పోకండి. హరికేన్ లాంతరు, బ్యాటరీతో నడిచే వాల్వు (ట్రాన్సిస్టర్‌కు ముందు వాడిన గాజు గొట్టం) రేడియో చాలు. ట్రాన్సిస్టర్ కనిపెట్టిందే 1947 డిసెంబరులో, దానితో రేడియో అమ్మకానికొచ్చింది 1954లో. భుజానికి తగిలించుకునే రేడియో పెడితే కథ అక్కడే చెడుతుంది.

పాత సామాన్ల కొట్లో చెక్కపెట్టె రేడియో దొరికినా వెనక అట్ట విప్పి చూడండి. వాల్వు అడుగున నల్లటి బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) దిమ్మ, ఎనిమిది పిన్నులు ఉంటే మీ కాలానికి సరిపోతుంది. సన్నటి వాల్వు, గాజులోంచే నేరుగా తొమ్మిది పిన్నులు వచ్చాయంటే అది 1950ల సరుకు. డయల్ మీద మీటర్లు, కిలోసైకిళ్లు (కిలోహెర్ట్జ్‌కు పాత పేరు) ఉండాలి. బ్రిటిష్, అమెరికా రేడియోల మీద కిలోహెర్ట్జ్ అని ఉంటే బాగా తర్వాతది.

టైమింగులోనే అందరూ తప్పుతారు. కరెంటు మీద నడిచే వాల్వు రేడియో వేడెక్కి పలకడానికి 20-30 సెకన్లు పడుతుంది. బ్యాటరీ రేడియో ఒకటి రెండు సెకన్లలో పలుకుతుంది. బ్యాటరీ ఆదా కోసం దానికి సాధారణంగా డయల్ దీపం ఉండదు, మీరూ వెలిగించకండి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని మొదలవలేదు. మద్రాసు కేంద్రం 1938 నుంచీ ఉంది, దాని పేరే చెప్పించండి.

దొరికింది కరెంటు రేడియో అయితే ప్లగ్గులో పెట్టకండి. లోపల కరెంటును నిలవచేసే మైనం కాగితపు కెపాసిటర్లు ఏళ్లు గడిచి కరెంటు లీక్ చేస్తాయి. కొన్ని మోడళ్లలో లోపలి ఇనుప చట్రానికే గోడ కరెంటు తగిలి ఉంటుంది, తాకితే షాకే. పెట్టెలో చిన్న బ్లూటూత్ స్పీకరు దాచండి.

ప్ర: 1940ల ఇంటి సెట్టుకు హోటళ్లలో వేలాడదీసే ‘ఎడిసన్’ బల్బులు పనికొస్తాయా? (ఒక పాఠకుడు, గూడూరు)

జ: పనికిరావు. పంజరంలా సాగిన ఆ తీగ 1900ల నాటి కార్బన్ బల్బుల పోలిక. 1940లకు చిన్న చుట్ట తీగ టంగ్‌స్టన్ బల్బు కావాలి. అది దొరక్కపోతే పాలగాజు ఎల్‌ఈడీ, 2700 కెల్విన్‌ది (పసుపు వెలుగుది) తెచ్చి, దాని ప్లాస్టిక్ మెడ షేడులో మునిగేలా పెట్టండి. హోల్డరు ఇత్తడిదో, బేకలైట్‌దో. సెల్‌ఫోనులో తీస్తే షట్టరు వేగం 1/50 లేదా 1/100 సెకను ఉంచండి, లేకపోతే తెరమీద చారలు పాకుతాయి.