గ్రాండ్ కాన్యన్ దారిలో ప్రెస్కాట్ ప్యాలెస్ సలూన్: ఆగొచ్చా?

ప్రశ్న: ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. మధ్యలో ప్రెస్కాట్‌లో ప్యాలెస్ అనే పాత సలూన్ బార్ ఉందట. మందు తాగనివాళ్లతో అక్కడ ఆగడం దండగా?

దండగేం కాదు, ఆగండి. కాకపోతే మనవాళ్లలో చాలామంది బయట బోర్డు కింద ఫొటో దిగి, లోపల ఒక బర్గర్ తిని, "మామూలు రెస్టారెంటే కదా" అంటూ వచ్చేస్తారు. అక్కడ అసలు చూడాల్సింది బార్ కౌంటర్. దాన్ని చూడకపోతే మీరు ఆ ఊరికి వెళ్లనట్టే లెక్క.

ప్రెస్కాట్‌లో కోర్టు భవనం చుట్టూ పెద్ద చెట్ల మైదానం, దానికి ఎదురుగా మాంటెజూమా వీధి. ఆ వీధిలో ఒక వరసంతా ఒకప్పుడు సలూన్లే కాబట్టి దానికి విస్కీ రో అని పేరు. 1900 జూలై 14 రాత్రి పక్కనున్న ఒక హోటల్లో నిప్పు పుట్టింది. గనికార్మికుడి కొవ్వొత్తి వల్లే అంటారు. కొయ్య కట్టడాలు, పైగా నీళ్ల కొరత. మంట పాకకుండా డైనమైట్ పెట్టి కొన్ని భవనాలు పేల్చేసినా వరస మొత్తం బూడిదైంది. ప్యాలెస్‌లో ఉన్నవాళ్లు మాత్రం బరువైన ఆ బార్ కౌంటర్‌ను ఎత్తుకుని వీధి దాటించి మైదానంలో పెట్టారు. ఎదురుగా ఊరు తగలబడుతుంటే అక్కడే మందు పోసుకుని తాగారని కథ. ఇప్పుడు లోపలున్నది ఆ కౌంటరేనని ప్యాలెస్ వాళ్లు చెప్తారు.

ఇందులో నమ్మలేనిదేమీ లేదు. ఆ రోజుల్లో బ్రన్స్‌విక్ లాంటి కంపెనీలు బార్లను ఫ్యాక్టరీలో విడి ముక్కలుగా చేసి, రైల్లో పంపి, దుకాణంలో బిగించేవి. గ్లాసు పెట్టుకునే ముందువైపు కౌంటర్ ఒక సామాను, దాని వెనక అద్దాలూ స్తంభాలూ ఉన్న అల్మారా ఇంకో సామాను. మనుషులుంటే మోసుకుపోవచ్చు. మీరు వెళ్లినప్పుడు కౌంటర్‌ను పక్కనుంచి, కంటిని దాని ఎత్తుకు దించి చూడండి. పైచెక్క పొడవునా ఎక్కడ అతుకు పడిందో కనిపిస్తుంది. చేతులు ఆనే అంచు, మధ్యభాగం ఒకేలా అరగవు. వెనక అద్దాల్లో చెక్క నగిషీలను స్తంభం స్తంభానికి పోల్చి చూడండి. పిల్లలకు ఇదే మంచి కాలక్షేపం.

ఇక ఒళ్లు మండే విషయం. "డాక్ హాలిడే ఈ గదిలోనే పేకాడాడు" అని రీల్స్ చేసేవాళ్లు. తుపాకీ పోరాటాలకు, పేకాటకు పేరుమోసిన డాక్ హాలిడే 1880లో ప్రెస్కాట్‌లో ఉన్న మాట నిజమే, అతని స్నేహితుల్లో ఒకడైన వర్జిల్ అర్ప్ అంతకు ముందే ఉన్నాడు. కానీ హాలిడే 1887లో పోయాడు. ఇప్పుడు మీరు అడుగుపెట్టే భవనం మంటల తర్వాత 1901లో కట్టింది. ఆ గోడల మధ్య ఆయన ఎలా కూర్చుంటాడు? ఏ పాత సలూన్‌కి వెళ్లినా బోర్డు మీది సంవత్సరం వ్యాపారానిదా, భవనానిదా అని అడగండి. పైగా అరిజోనాలో జూదం 1907లో, మద్యం 1915లో బంద్ అయ్యాయి. "అప్పటినుంచి ఒక్కరోజూ మూతపడలేదు" అనేవాళ్లు ఆ ఏళ్లలో ఏం అమ్మారో కూడా చెప్పాలి.

వెళ్లే వేళ ముఖ్యం. వారం మధ్యలో, మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక వెళ్తే కౌంటర్ దగ్గర చోటు దొరుకుతుంది, బార్‌టెండర్‌కి మాట్లాడే తీరిక ఉంటుంది. జూలై 4 దగ్గరి రోడియో (కౌబాయ్‌ల గుర్రాలు, ఎద్దుల పోటీలు) వారంలో మాత్రం పెట్టుకోవద్దు. 1888 నుంచి జరుగుతున్న పండగ అది, కారు ఆపడానికే చుక్కలు కనిపిస్తాయి. మిగతా రోజుల్లో విస్కీ రో వెనక గ్రానైట్ వీధిలోని పార్కింగ్ గరాజ్‌లో పెట్టేయండి. వీధి పక్కన పెడితే టైమ్ బోర్డు చదవండి.

తాగేవాళ్లకు: మన 30, 60 మిల్లీలీటర్ల లెక్క అక్కడ నడవదు. ఒక షాట్ అంటే మామూలుగా ఔన్సున్నర, 44 మిల్లీలీటర్లు. "లార్జ్" అంటే అర్థం కాదు, "డబుల్" అంటే రెట్టింపు పోస్తారు. మనలా నీళ్లు ఎక్కువ కావాలంటే పొడవు గ్లాసులో వాటర్‌తో, ఐస్ తక్కువ అని చెప్పండి. లేదంటే గ్లాసు నిండా ఐస్ వేసిస్తారు. కార్డు ఇస్తే ట్యాబ్, అంటే చివర్లో కట్టే ఖాతా, తెరుస్తారు. లేచేముందు ట్యాబ్ క్లోజ్ చేయమనాలి, లేకపోతే కార్డు అక్కడే ఉండిపోతుంది. బీరుకి డాలరు, కాక్‌టెయిల్‌కి రెండు డాలర్లు టిప్పు. టేబుల్ మీద తింటే 18 నుంచి 20 శాతం. కౌంటర్ దగ్గర మంచినీళ్లతో అరగంట కూర్చోకండి, మద్యం లేని అల్లం సోడా, జింజర్ ఏల్ తీసుకున్నా చాలు.

నాన్నగారు ఒక బీరు అంటే అసలు పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి. అరిజోనా చట్టం ఒప్పుకునే గుర్తింపుల్లో ఆధార్ లేదు, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ లేదు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదంటారు, తెల్లజుట్టు చూసి వదిలేస్తారనుకోవద్దు. పిల్లల్ని తీసుకుని టేబుల్ దగ్గర కూర్చోండి, బార్ స్టూళ్ల జోలికి పోవద్దు. వాళ్లకు పాతకాలపు సరదా అని రూట్ బీర్ (పేరులో బీర్ ఉన్నా మద్యం లేని సోడా) ఇప్పిస్తారేమో, అమృతాంజనం సోడాలో కలిపినట్టుంటుంది. మొదట ఒకటే చెప్పండి.

శాకాహారులు ఇలాంటి చోట మోసపోయేది సూప్, బీన్స్ దగ్గరే. కార్న్ చౌడర్ (మొక్కజొన్న చిక్కటి సూప్) అని పేరు చూసి తీసుకుంటారు. అందులో బేకన్ (పంది మాంసం) ఉండొచ్చు, లేదా చికెన్ ఉడికించిన నీళ్లు ఉండొచ్చు. "వెజిటేరియనా?" అంటే సర్వర్ అవునంటుంది. "బేకన్ ఉందా, చికెన్ బ్రాత్ ఉందా, ఫ్రైస్ వేయించే నూనె విడిగా ఉందా" అని మూడూ విడివిడిగా అడగండి.

దారి: ఐ-17 మీద 262 ఎగ్జిట్, కోర్డ్స్ జంక్షన్, అక్కడినుంచి 69వ హైవే. ఫీనిక్స్ నుంచి వంద మైళ్లు. శుక్రవారం సాయంత్రం ఐ-17 ఎక్కకండి. ప్రెస్కాట్ 5,300 అడుగుల పైన ఉంటుంది, ఫీనిక్స్ ఎండకు వేసుకున్న బట్టలతో సాయంత్రం పెద్దవాళ్లకు చలేస్తుంది. అక్కడినుంచి కాన్యన్‌కు 89 మీద ఆష్ ఫోర్క్, ఆపైన ఐ-40 మీద విలియమ్స్, తర్వాత 64. గూగుల్ సెడోనా వైపు జెరోమ్ మీదుగా 89ఏ చూపిస్తే, కడుపు నిండిన పిల్లలతో ఆ మలుపులు వద్దు.

బండి నడిపేవాళ్లు ఒక్క చుక్క కూడా ముట్టవద్దు. అరిజోనాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాటకపోయినా, మత్తు ప్రభావం కాస్త ఉందన్నా కేసు పెట్టొచ్చు. మొదటి నేరానికే జైలు తప్పదు. వీసా మీద ఉన్నవాళ్లకు అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా ప్రభుత్వానికి ఉంది. కౌంటర్ చూడటానికి అంత మూల్యం అక్కర్లేదు, కోక్ తాగి చూసినా అదే కౌంటర్.