గుర్రాలు, పెంపుడు జంతువుల డిగ్రీ చదివితే పశువైద్యులు కాగలరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కుక్కలన్నా గుర్రాలన్నా దానికి ప్రాణం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పెంపుడు జంతువులు, గుర్రాలపై డిగ్రీ ఉందట, అదే చదువుతానంటోంది. ఆ చదువుతో వెటర్నరీ డాక్టర్ అవుతుందా? తిరిగి వస్తే ఇక్కడ ఉపాధి దొరుకుతుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆ డిగ్రీ ఒక్కదానితో మీ అమ్మాయి పశువైద్యురాలు కాలేదు. దరఖాస్తు రుసుము కట్టకముందే ఇంట్లో అందరికీ స్పష్టం కావలసిన విషయం ఇది. మీరు చెప్పిన కోర్సు యానిమల్ సైన్సెస్ అనే నాలుగేళ్ల బీఎస్‌లో ఒక విభాగం; చికిత్స, శస్త్రచికిత్స అందులో భాగం కావు. వైద్యం చేయాలంటే అక్కడ దాని తర్వాత డీవీఎం అనే మరో నాలుగేళ్ల పశువైద్య కోర్సు చదవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు డీవీఎం సీట్లలో సాధారణంగా తమ రాష్ట్రవాసులకే ప్రాధాన్యం ఇస్తాయి కనుక విదేశీ విద్యార్థులకు పోటీ తీవ్రంగా ఉంటుంది. మన దేశంలోనైతే, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన పశువైద్యులే వైద్యం చేయాలి. బీఎస్ పట్టాతో ఆ రిజిస్ట్రేషన్ రాదు.

అంతమాత్రాన ఆ చదువును తక్కువగా చూడనక్కరలేదు. జంతువుల పోషణ గురించి అందులో నేర్చుకునే సంగతులు ఎలాంటివో చూడండి. ఉదాహరణకు గుర్రం వాంతి చేసుకోలేదు, దాని పొట్ట శరీరంతో పోలిస్తే చిన్నది. నెమరువేసే గేదెలో పీచును జీర్ణం చేసే పని ముందు పొట్టలో జరిగితే, గుర్రంలో అది అంధనాళం అనే సంచి, పెద్దపేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల జరుగుతుంది. అందువల్లనే దాణా ఒక్కసారిగా మార్చినా, గింజలు మోతాదు మించినా తీవ్రమైన కడుపునొప్పి, గిట్టల లోపలి వాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మెడ, భుజం, పక్కటెముకలు, తోక మొదలు వంటి చోట్ల చేత్తో తడిమి, పేరుకున్న కొవ్వును బట్టి 1 నుంచి 9 వరకు అంకె వేసే పద్ధతిని 1983లో ప్రచురించారు; నేటికీ గుర్రపుశాలల్లో దాన్నే వాడుతున్నారు. పిల్లి తనకు చాలినంత టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకోలేదు; అది ఆహారంలో తగ్గితే గుండె కండరం దెబ్బతింటుందని 1987లో తేలాకనే పిల్లుల ఆహారంలో దాని పాళ్లు పెంచారు. రోగం రాకముందే ఆపే ఇలాంటి పరిజ్ఞానం మీ అమ్మాయిని ఆకర్షిస్తోందా, లేక రోగంతో వచ్చిన జంతువుకు తానే చికిత్స చేయాలని ఉందా? నిర్ణయమంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

చికిత్సే ఆమె కోరిక అయితే పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇక్కడే చదివించమని గట్టిగా చెబుతాను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పడుతుంది. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో ప్రభుత్వ కళాశాలలున్నాయి. కోరుట్ల మీకు దగ్గరే. అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో భర్తీ అవుతాయి. రాష్ట్ర సీట్ల విధానాన్ని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. ఈ కోర్సులో ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లతోనే ఎక్కువ పని ఉంటుందని, గుర్రాలు తక్కువగా కనిపిస్తాయని ఆమెకు ముందే చెప్పాలి. ఆ సంగతి తెలియక చేరినవారు మొదటి ఏడాదే నిరుత్సాహపడతారు. గుర్రాల వైద్యంలోకి ఆ తర్వాత వెళ్లవచ్చు. సైన్యంలో జంతువుల సంరక్షణ చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌కు, రేస్ క్లబ్బులకు, గుర్రాల పెంపక క్షేత్రాలకు పశువైద్యులు కావాలి. హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. అమెరికాలో ప్రాక్టీసు చేయాలన్నా, బీవీఎస్సీ పూర్తిచేసినవారు విదేశీ పట్టాల అర్హత తేల్చే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ పరీక్షలు, ఆపై అక్కడి లైసెన్సు పరీక్ష నావ్లే గట్టెక్కి లైసెన్సు పొందే మార్గం ఉంది.

పోషణ, ప్రవర్తన, పెంపకం మీదే మనసుంటే ఇల్లినాయ్ డిగ్రీ అర్థవంతమైనదే. పెంపుడు జంతువుల ఆహార పరిశ్రమ మన దగ్గరా ఉంది. సిద్దిపేట జిల్లాలో మార్స్ సంస్థ కర్మాగారమే నడుస్తోంది. పరిశోధన స్థాయి ఉద్యోగాలకు మాత్రం ఎంఎస్ గానీ పీహెచ్‌డీ గానీ అవసరమవుతుంది. వైద్యేతర డిగ్రీతో గుర్రాల రంగంలో ఇక్కడ దొరికే ఉద్యోగాలు చాలా తక్కువ కాబట్టి, ఆ ఒక్క ఆశతో అప్పు చేసి పంపడం నాకు సమ్మతం కాదు.

ఈ ఏడాది నీట్ తప్పకుండా రాయించండి. పరీక్షలు ముగిశాక దగ్గరలోని పశువైద్యశాలలో డాక్టరు గారి అనుమతితో కొన్ని వారాలు, వీలైతే హైదరాబాద్‌లోని ఏదైనా గుర్రపుస్వారీ పాఠశాలలో కొన్ని రోజులు ఉండనివ్వండి. తెల్లవారుజామున పేడ ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం, నొప్పితో తన్నబోయే జంతువును పట్టుకోవడం ఆమె స్వయంగా చేశాక, పై రెండు దారుల్లో ఏది కావాలో ఆమెనే అడగండి.