మీరడిగారు: నిజంగా జరిగినా కథ ఎందుకు కాలేదు?

(కథలు, సినిమాలు, పాటల గురించి పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు. ఒకసారి పైకప్పు కూలి ఆయన, ఇంకో ఇద్దరు లోపల చిక్కుకున్నారు. వాళ్లు బయటికి వచ్చేదాకా మా అమ్మ బాయి కాడనే కూర్చున్నది. ఇదంతా కథగా రాసి రెండు పత్రికలకు పంపితే తిరిగొచ్చింది. ఒక ఎడిటర్ 'సంఘటన బాగుంది, కథ కాలేదు' అన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు మేడం. మరి నిజం కథ కాదా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: తమ్ముడూ, నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. 'చెవులు చిల్లులు పడే శబ్దం', 'అంతులేని చీకటి', 'గుండెలు పగిలే రోదన' అని రాశావు. ఈ మాటలు బాయి మొహం చూడని నేను కూడా ఫ్యాను కింద కూర్చుని రాయగలను. నీ ఇంట్లో ఉండి నా ఇంట్లో లేనివి వేరే ఉన్నాయి. ఆ రోజు మీ నాన్నది ఏ షిఫ్టు? మస్టరు పడ్డాక ఎవరితో కలిసి దిగాడు? ఆయన బొగ్గు ఎత్తే ఫిల్లరా, పైకప్పుకు దన్ను కట్టే టింబర్‌మనా, బొగ్గు కోసే కోల్‌కట్టరా? లోపల చిక్కుకున్నాక ముగ్గురి నెత్తి మీది లైట్లూ వెలుగుతూనే ఉన్నాయా, ఒకటి ఉంచి మిగతావి ఆర్పుకున్నారా? ఆర్పమని ఎవరు చెప్పారు? ఇవేవీ నీ కథలో లేవు.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, కథతో పాటు పంపిన ఉత్తరంలో ఒక మాట రాశావు. నాన్న పైకి రాగానే అమ్మ మొదట అడిగింది 'టిఫిన్ డబ్బా ఏది?' అని. అది కథలో ఎందుకు లేదు? సాహిత్యానికి తగదనుకున్నావేమో. ఎడిటర్‌కు దొరకని కథ ఆ డబ్బాలోనే ఉంది. ఆమె ఎందుకట్లా అడిగిందో నువ్వు వివరించకు, అడిగిందని రాస్తే చాలు.

ఇది ఈ కాలపు పద్ధతేం కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం అనే పాత కావ్యంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కాకతీయుల ఓరుగల్లు గురించి శాసనాలు చాలా చెబుతాయి గానీ, పూటకూటింట్లో భోజనం ఎట్లా ఉండేదో ఆ కవి చెప్పాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. అంతా కలిపి ఒక రూక, అంటే అప్పటి నాణెం. ఆ రూక లెక్క రాసినందుకే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనం ఆ ఇంట్లో పీట వేసుకుని కూర్చోగలుగుతున్నాం.

ఇంకో సంగతి. 'ఆ రోజు ఏమైంది నాన్నా?' అని అడిగితే మీ నాన్న చెప్పడు. మా నాన్న ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది, దాని సైరను మీదనే మా వీధి నడిచేది. సమ్మె గురించి అడిగితే 'ఏముంది, చేసినం' అనేవాడు, అంతే. తెగిన పోగు ఎట్లా అతుకుతారని అడిగిన రోజు మాత్రం చేతులు తిప్పి చూపిస్తూ చీకటి పడేదాకా చెప్పాడు, సమ్మె కూడా మధ్యలో దానంతట అదే వచ్చింది. మీ నాన్నను పని గురించి అడుగు, ప్రమాదం గురించి కాదు. ఈలోగా అల్లం రాజయ్య కథలు చదువు. ఆయనది మీకు దగ్గరే, మంథని పక్క గాజులపల్లి. రైతు గురించి రాసినా, బొగ్గుబాయి కార్మికుడి గురించి రాసినా ఆయన కథలో పని కనబడుతుంది.

ప్రశ్న: 'బలగం' చూసి మా నాన్న, పెదనాయన పదేళ్ల తర్వాత మాట్లాడుకున్నారు. నెల తిరగకముందే మళ్లీ మాటల్లేవు. సినిమాతో మనుషులు నిజంగా మారుతారా?
– ఒక పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: పదేళ్ల పంచాయితీలో నెల రోజులు కలిసి ఉన్నారంటే తక్కువేం కాదమ్మా. రెండు గంటల పైచిలుకు సినిమా నుంచి ఇంకెంత ఆశిస్తాం!

2023లో ఆ సినిమా వచ్చినప్పుడు ఊళ్లలో తెరలు కట్టుకుని అందరూ కలిసి చూశారు. దర్శకుడు వేణు యెల్దండి మీ సిరిసిల్ల మనిషే. అందులో బావ, బామ్మర్దుల మధ్య మాటలు తెగిపోయింది భూమి కోసం కాదు, నల్లిబొక్క కోసం. బయటివాళ్లు రాస్తే ఆస్తి తగాదా పెట్టేవాళ్లు. మర్యాద అనేది మనవైపు మటన్ ముక్కలో కూడా ఉంటుందని పెండ్లిళ్లలో, దావతుల్లో తిరిగినవాడికే తెలుస్తుంది. కర్మ రోజు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాదికి పట్టుకునే టెన్షన్ కూడా అట్లాంటిదే. మా చిన్నమ్మ కర్మ రోజు పిట్ట రాక, ఆమెకు ఇష్టమని చివరికి ఇంత జర్దా తెచ్చి విస్తరిలో పెట్టారు. నవ్వకండి, వచ్చింది.

చివరి పాట అంతగా ఏడిపించడానికి కారణం అది సినిమా కోసం పుట్టిన పద్ధతి కాకపోవడం. చావు జరిగిన ఇంటికి వచ్చి, పోయినవాళ్ల పేరు పెట్టి, కొడుకులను బిడ్డలను పేరుపేరునా పిలిచి పాడే కళాకారులు మనకు ముందు నుంచీ ఉన్నారు. తెర మీద పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు దుగ్గొండివాళ్లు. జనం ఆ కాసేపు థియేటర్‌లో లేరు, తమ ఇంటి వాకిట్లో కూర్చున్నారు. పాట ఊరూరా మోగింది. మొగిలయ్య మాత్రం కిడ్నీలు పాడై, డయాలసిస్ చేయించుకుంటూ 2024 డిసెంబర్‌లో పోయారు. మన బతుకుల నుంచి కథ తీసుకున్నవాళ్లు ఆ బతుకులకు ఎంత బాకీ పడతారన్నది నన్ను చాలా రోజులుగా తొలుస్తున్న ప్రశ్న. సినిమావాళ్లనే కాదు, పాట విని కన్నీళ్లు తుడుచుకున్న మనల్ని కూడా కలిపే అడుగుతున్నాను.

ప్రశ్న: సొంత అనుభవం లేనివాళ్లు మన బతుకుల గురించి రాయొచ్చా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: రాయొచ్చు. తెలంగాణ రైతుల పోరాటం మీద ఉర్దూలో నవల రాసిన కిషన్ చందర్ తెలంగాణవాడు కాదు. దాని ఆధారంగా 1979లో 'మా భూమి' తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. అయితే నిర్మాత బి. నర్సింగరావు ఇక్కడి మనిషి. అందులో గద్దర్ పాడిన బండెనక బండి పాట నైజాం సర్కారు మీద పుట్టింది, కట్టిన బండి యాదగిరి ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. బయటివాడు వచ్చి వినాలి, విన్నదాన్ని తన పాండిత్యంతో పాడు చేయకూడదు. ఊళ్లో పుట్టి కూడా ఊరి మాట చెవిన పెట్టని రచయితలు నాకు కొందరు తెలుసు.

ప్రశ్న: 'ఆర్ఆర్ఆర్' చూసి మా అబ్బాయి కొమురం భీం, అల్లూరి దోస్తులని స్కూల్లో రాసి వచ్చాడు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: సినిమా కల్పన అని ముందే చెప్పుకుంది, వాళ్లను తప్పుపట్టలేం. అల్లూరి 1924లో, భీం 1940లో జోడేఘాట్‌లో అమరులయ్యారు. ఇద్దరూ కలిసిన దాఖలా లేదు. సెలవుల్లో పిల్లవాణ్ని జోడేఘాట్ తీసుకెళ్లండి, మీకు దూరమేం కాదు. కొంచెం పెద్దయ్యాక సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల చేతికివ్వండి. అదే సినిమాలో ఆస్కార్ తెచ్చిన పాట రాసిన చంద్రబోస్‌ది మన చల్లగరిగ అనీ, ఆ పాటలో జొన్నరొట్టె, మిరపతొక్కు ఉన్నాయనీ కూడా చెప్పండి. ఆ ముక్క మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

ప్రశ్న: నా కథ ఒకటి అచ్చయింది. అందులోని ఆడబిడ్డ తనేనని మా ఆడబిడ్డ సద్దుల బతుకమ్మకు మా ఇంటికి రాలేదు. పేరు మార్చాను కదా మేడం!
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పేరు మార్చావు సరే. కుట్టుమిషను, ఎడమచేతి వాటం, ములుగు రోడ్డు ఇల్లు అట్లాగే ఉంచావు. మీ కాలనీలో ఇంకెవరమ్మా?

అయినా ఆమె కోపం దానికి కాదని నా అనుమానం. అంపశయ్య నవీన్ తన ఉస్మానియా చదువు రోజుల్లోంచి 'అంపశయ్య' రాశారు. రవి అనే విద్యార్థి ఒక్క రోజు, అంతే నవల. అందులో రచయిత తన చుట్టూ ఉన్నవాళ్లతో పాటు తనను కూడా వదల్లేదు. పిరికితనం, ఆకలి, అసూయ అన్నీ పెట్టారు. నీ కథలో నీలాంటి కోడలికి నాలుగు పేజీల బాధ ఉంది, ఆడబిడ్డకు రెండు డైలాగులు. ఆమె పుస్తెలతాడు ఎందుకు వెనక్కి అడిగిందో ఒక్క వాక్యం కూడా లేదు. ఊరికే అడగదు కదా! ఆ కారణం నీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే అడుగు.

సంక్రాంతికి నువ్వే వాళ్లింటికి వెళ్లు. సకినాలు పట్టుకెళ్లు. అచ్చయిన పత్రిక మాత్రం తీసుకుపోకు.