ముట్లు నిలిచే ముందు: మీ ప్రశ్నలకు జవాబులు

నా వయసు 46. ఏడాది నుంచి ముట్లు ఒకసారి ఇరవై రోజులకే వస్తున్నయి, ఒకసారి రెండు నెలలైనా రావు. రాత్రి రెండింటికి చెమటతోని జాకెట్ తడిసి మెలకువ వస్తది, గుండె దడదడ. ఈసీజీ తీసి బాగుందన్నరు. భుజాలు, మోకాళ్లు పట్టేస్తుంటే ఊళ్లె అందరు ఫ్లోరైడ్ అంటున్నరు. హార్మోన్ పరీక్ష చేయించుకోవాల్నా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

అక్కర్లేదు. 45 దాటాక ముట్లు ఇలా గతి తప్పి, దాంతోపాటు ఆవిర్లు (ఒక్కసారిగా ఒళ్లంతా వేడెక్కడం), చెమటలు వస్తుంటే ముట్లుడిగే ముందు దశ అనే అనుకోవాలి. హార్మోన్ పరీక్షలో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ వారం 40 ఉండి, వచ్చే నెల 8కి దిగొచ్చు. ఆ రిపోర్టు చేతిలో ఉన్నా చికిత్స మారదు. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, షుగర్ చూపించుకోండి, బీపీ కొలిపించండి. థైరాయిడ్ ఎక్కువైనా చెమట, దడ ఇలాగే ఉంటాయి. రక్తం తక్కువైనా దడ, ఆయాసం తప్పవు.

ఫ్లోరైడ్ మాట కొట్టిపారేసేది కాదు. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగినవాళ్లకు మెడ, నడుము బిగుసుకుపోయి వంగడం కష్టమవుతుంది. అది ఏళ్ల తరబడి మెల్లగా ముదిరేది. ముట్లు తప్పడంతో పాటే మొదలై, పొద్దున లేవగానే పట్టేసి కాసేపటికి సడలే నొప్పులకు స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ తగ్గడం కూడా కారణమే. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే మీది ఏ ఊరో చెప్పండి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపిస్తుంది గానీ, పెళుసుగా ఉంటుంది. రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండలేం.

క్యాలెండర్‌లో ముట్టు రోజులు గుర్తు పెట్టుకోండి, ఎన్ని ప్యాడ్లు మారాయో రాయండి. గతి తప్పడం ఈ వయసులో మామూలే, కొన్ని మాత్రం మామూలు కావు. గంటకో ప్యాడ్ నిండడం, రేగుపండంత గడ్డలు పడడం, ఏడు రోజులు దాటడం, ముట్టుకూ ముట్టుకూ నడుమ గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించడం, ముట్లు ఏడాది ఆగాక చుక్క పడడం, వీటిలో ఏది ఉన్నా ముందు స్కాన్ చేయించాలి. అవసరమైతే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షిస్తారు. అది తేలకుండా ఆవిర్లకు ఇచ్చే హార్మోన్ మందులు మొదలుపెట్టరు.

49 ఏళ్లు. మూడు నెలలకోసారి ముట్టు అయితున్న. డాక్టరమ్మ రోజూ రాసుకునే జెల్, నెలలో 12 రోజులు వేసుకునే క్యాప్సూల్ రాసిచ్చింది. క్యాప్సూల్ వేసుకుంటే మత్తు, తల తిరుగుడు. రెండు నెలల నుంచి అది మానేసిన. జెల్‌తోనే ఆవిర్లు తగ్గినయి కదా? మా ఆడబిడ్డ అయితే రెండూ మానెయ్, క్యాన్సర్ వస్తది అంటున్నది.
– మహబూబ్‌నగర్ నుంచి

మానకూడనిదే మానేశారు. జెల్‌లో ఉన్నది ఈస్ట్రోజన్. ఆవిర్లు తగ్గించేది అదే, గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచేదీ అదే. ఆ పొరను అదుపులో పెట్టడానికే ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్. అది లేకుండా జెల్ ఒక్కటే నెలలు, ఏళ్లు సాగితే పొర క్యాన్సర్ వైపు మళ్లొచ్చు. రెండు నెలలకే ఏదో అయిపోయిందని బెదరకండి. ఈ వారంలోనే డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పండి. పొర మందం స్కాన్‌లో చూసి మళ్లీ మొదలుపెడతారు.

మత్తుకు ఉపాయం ఉంది. ముట్లు ఇంకా వస్తున్నవారికి మామూలుగా 200 మిల్లీగ్రాములు, నెలకు 12 నుంచి 14 రోజులు రాస్తారు. ముట్లు ఆగి ఏడాది దాటితే రోజూ 100. అన్నంతో పాటు మింగితే మందు ఎక్కువగా రక్తంలోకి చేరి మత్తు పెరుగుతుంది. తిన్న రెండు గంటలకు, గిన్నెలు కడిగి, తలుపులు వేసి, పక్క మీదికి చేరాకే మింగండి. అప్పుడు ఆ మత్తే నిద్రకు సాయం. అయినా పడకపోతే అదే పని చేసే డైడ్రోజెస్టిరోన్ మాత్రకు మారొచ్చు, లేదా హార్మోన్ ఉన్న లూప్ వేయించుకోవచ్చు. లూప్‌తో అధిక రక్తస్రావం కూడా తగ్గుతుంది. పల్లీలు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని కంపెనీల క్యాప్సూళ్లలో పల్లీనూనె ఉంటుంది.

జెల్ స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక రాయాలి. ఎండాకాలం చెమట మీద రాస్తే సగం కొంగుకే పోతుంది. తొడకు గానీ చేయి పైభాగానికి గానీ పలచగా పరిచి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. రొమ్ములకు రాయొద్దు. మనవలను ఎత్తుకునేవారికి తొడే మేలు, పిల్లల చర్మానికి మందు అంటకూడదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక ఆడబిడ్డ మాట. 2002లో అమెరికాలో వెలువడ్డ పెద్ద అధ్యయనంలో రెండు హార్మోన్లూ కలిపి వాడినవారిలో, ఏడాదికి 10,000 మందికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అయితే ఆ స్త్రీల సగటు వయసు 63, వాడినవి పాతరకం మాత్రలు. ప్రమాదం సున్నా కాదు, ఆడబిడ్డ అన్నంతా లేదు. 60 లోపు, ముట్లాగి పదేళ్లు దాటకముందు మొదలుపెడితే చాలామందికి లాభమే ఎక్కువ. నోటి మాత్రతో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది, చర్మం మీది జెల్‌తో అలా కనిపించలేదు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి మాత్రం సాధారణంగా ఇవ్వరు. అలాంటివారికి ఆవిర్లు తగ్గించే హార్మోన్ కాని మందులున్నాయి.

మొదటి మూడు నెలలు అక్కడక్కడా మరకలు కనిపించొచ్చు. ఆరు నెలలు దాటినా ఆగకపోతే చూపించాలి. ఇంకో సంగతి, ఈ జెల్, క్యాప్సూల్ గర్భం రాకుండా ఆపవు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారికి ఆ బెంగ లేదు.

33 ఏళ్లకే గర్భసంచి తీసేసిన్రు. ఇప్పుడు 38. ఆవిర్లు, కీళ్లనొప్పులు. ముట్లు లేవు కాబట్టి ఈ వయసులో ఇది ముట్లుడుగుడు అని ఎట్ల తెలుస్తది?
– అచ్చంపేట

ముందు డిశ్చార్జి కాగితం వెతకండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడానా? కాగితం దొరక్కపోతే స్కాన్‌లో తెలుస్తుంది. మీ విషయంలో ఎఫ్‌ఎస్‌హెచ్ పనికొస్తుంది, నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేయించండి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీశాక అవి త్వరగా అలిసిపోవచ్చు. గర్భసంచితో పాటు అండాశయాలూ పోయి ఉంటే, వేరే అడ్డు లేనప్పుడు కనీసం 50 దాకా ఈస్ట్రోజన్ వాడాలి. అది ఆవిర్లకే కాదు, ఎముకలకూ గుండెకూ కావాలి. గర్భసంచి లేదు కాబట్టి మామూలుగా ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. తెలంగాణలో 2023లో మొదలైన ఆరోగ్య మహిళ కేంద్రాల సేవల్లో ముట్లుడిగే దశ సమస్యలూ ఉన్నాయి. మీ పీహెచ్‌సీలో మంగళవారం క్లినిక్ గురించి అడగండి, లేదా జిల్లా ఆసుపత్రి స్త్రీల ఓపీకి వెళ్లండి.

కురుమూర్తి జాతరకు పోయేటప్పుడు ముట్టు రాకుండ మెడికల్ షాపుల గోళీలు తెచ్చుకుంటం. అవి కూడ హార్మోన్లే కదా, ఆవిర్లకు అవే వాడొచ్చా?
– మక్తల్

వద్దు. అది ప్రొజెస్టిరాన్ తరహా మందు నోరెథిస్టిరోన్, 5 మిల్లీగ్రాములది రోజుకు మూడు. ఆ మోతాదులో కొంతభాగం ఒంట్లో గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజన్‌గా మారుతుంది, గడ్డకట్టే ముప్పు ఉన్నవారికి అది మంచిది కాదు. మళ్లీ మళ్లీ వాడితే స్కాన్ చేయించాల్సిన రక్తస్రావం కూడా మరుగున పడుతుంది. జాతరకైనా ఆలోచించండి. ముట్టుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టాల్సిన గోళీ అది. మీ ముట్టు ఎప్పుడొస్తుందో మీకే తెలియని ఈ వయసులో ఆ మూడు రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు?