గొళ్లేలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఆడా మగా సమానత్వం కోసం గ్రూపు పెట్టాం. మహిళా దినోత్సవానికి హాలు నిండింది. ఇప్పుడు మీటింగుకి నలుగురే వస్తున్నారు, అబ్బాయిలు అసలే రారు. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ముందు టైము మార్చండి. సాయంత్రం పెడితే గాజువాక, భీమిలి బస్సులెక్కేవాళ్లు ఆగరు. లంచ్‌లో అరగంట చాలు.

ఉపన్యాసాలు, ముగ్గుల పోటీలు పక్కనపెట్టి ఓ పని పట్టుకోండి. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు కాగితం పట్టుకుని కాలేజీ తిరగండి. ఏ బాత్రూముకి గొళ్లెం ఊడింది, ఎక్కడ చెత్తబుట్ట లేదు, గేటు నుంచి బస్టాపు దాకా ఏ లైటు వెలగడం లేదు, అన్నీ రాయండి. తేదీ వేసి ప్రిన్సిపాల్‌కిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. నోటిమాటగా చెబితే వారానికే మర్చిపోతారు. చేతిలో పని ఉంటే అబ్బాయిలూ వస్తారు.

తర్వాత, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో ఇది తప్పనిసరి. సభ్యుల్లో సగం మందైనా మహిళలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. విభాగాధిపతుల్లాంటి పెద్ద పదవులవాళ్లు ఉండకూడదు (చాలాచోట్ల తప్పేది ఇక్కడే). సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో లేకపోతే పెట్టమని అడగండి.

ఎవరైనా అమ్మాయి వేధింపుల గురించి మీకు చెప్పుకుంటే మాత్రం మీరే విచారణ చేయకండి. వాట్సాప్‌ గ్రూపులో పేరు పడితే ఆ అమ్మాయి ఫిర్యాదే మానుకుంటుంది. స్క్రీన్‌షాట్లు దాచుకోమనండి, కమిటీ దాకా తోడు వెళ్లండి. అత్యవసరమైతే 112కి, సలహాకి మహిళా హెల్ప్‌లైన్‌ 181కి ఫోన్‌ చేయండి.